అక్కుపల్లి ఒడ్డున సెంచా: నా పాత వీడియో ఒకటి ఎందుకు తీసేశాను

వెనకాల హోరు వినిపిస్తుంటే అది మైకు పాడవడం కాదు, సముద్రం. ఈ ఎపిసోడ్ హైదరాబాదులో నా గదిలో తియ్యట్లేదు, మా ఊళ్ళో తీస్తున్నాను. అక్కుపల్లి. పలాస నుంచి సముద్రం వైపు వస్తే వజ్రపుకొత్తూరు మండలంలో ఉంటుంది. ఇటు సరుగుడు తోట, అటు ఇసుక, దాని తర్వాత ఇంకేం లేదు, నీళ్ళే.

చాలామంది చాలా రోజులుగా అడుగుతున్న టాపిక్ ఇవాళ చేస్తున్నాను. జపాన్ గ్రీన్ టీ ఎలా కాచాలి, అసలు దాంట్లో ఏం రుచి చూడాలి. 'కాచాలి' అనే మాటే తప్పు, దాని సంగతి చెప్తాను. ఇంకో పని కూడా ఉంది. దీని మీద ఇంతకుముందు నేను చేసిన వీడియో ఒకటి ఉండేది. ఇప్పుడు వెతికితే దొరకదు, నేనే తీసేశాను. ఎందుకు తీసేశానో సగంలో చెప్తాను. ముందే చెప్తే టీ మీద మనసు నిలవదు, మీకూ నిలవదు, నాకూ నిలవదు.

ముందు సామాను చూపిస్తాను. పక్కన పిడి ఉన్న ఈ చిన్న మట్టి కూజాని క్యూసు అంటారు. పిడి పక్కకి ఎందుకంటే ఒక్క చేత్తో పట్టుకుని, బొటనవేలితో మూత అదుముకుని వంచొచ్చు. లోపల జల్లెడ ఉంటుంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎనిమిది నెలలు టోక్యోలో ఆన్‌సైట్ చేశాను, అప్పుడు కొన్నది. ఇది లేకపోయినా ఏం పర్లేదు. రెండు స్టీలు గ్లాసులు, ఒక టీ వడకట్టు ఉంటే చాలు. నేను మొదటి ఆరు నెలలు అలాగే చేశాను.

ఆకు ఇదిగో. సెంచా. దగ్గరగా చూడండి, సన్నగా సూదుల్లాగా ఉంది, ముదురు పచ్చ. మన పాల టీలో వేసే పొడి, ఇదీ ఒకే మొక్క. తేడా అంతా కోసిన తర్వాత చేసే పనిలో ఉంది. ఆకు కొయ్యగానే లోపలి ఎంజైములు పని మొదలుపెడతాయి. కోసిన యాపిల్ ముక్క గోధుమరంగుకి తిరుగుతుంది చూడండి, అదే పని. దాన్ని పూర్తిగా జరగనిస్తే నల్ల టీ. వెంటనే వేడి తగిలించి ఆపేస్తే గ్రీన్ టీ. చైనాలో ఎక్కువగా పెనం మీద వేడి చేసి ఆపుతారు. జపాన్‌లో ఆవిరి పడతారు, ఇడ్లీకి పట్టినట్టే, కాకపోతే నిమిషం లోపు, ఒక్కోసారి కొంచెం ఎక్కువ. తర్వాత నలుపుతూ ఆరబెడతారు. ఈ పద్ధతిని 1738లో ఉజి ప్రాంతంలో నగతాని సోయెన్ అనే రైతు ఒక దారికి తెచ్చాడని జపాన్ వాళ్ళు చెప్తారు. ఆవిరి వల్లే ఆ పచ్చరంగు, ఆ వాసన నిలుస్తాయి. మన కిరాణా కొట్లో దొరికే టీ బ్యాగుల్లో ఉండేది ఎక్కువగా నలిగిన తునకలు. అది తాగి 'గ్రీన్ టీ అంటే చేదు నీళ్ళు' అని తేల్చేసిన వాళ్ళు మీలో ఉంటే, మీ తప్పేం లేదు.

ఇప్పుడు కాచడం. మనకి టీ అంటే మరగాలి. పాలు పొంగాలి, దించాలి, మళ్ళీ పెట్టాలి. మా మామ్మయితే గరిటె నిలబడేంత చిక్కగా మరిగించేది. ఆ అలవాటుతో సెంచాని మరిగిస్తే మాత్రం నోట్లో పెట్టుకోలేరు. కారణం చాలా సింపుల్. ఆకులో ముఖ్యంగా మూడు ఉంటాయి. థియనైన్ అనే అమైనో ఆమ్లం, కమ్మదనం దానిది. కాటెకిన్లు, వగరు, చేదు వాటివి. కెఫీన్, అదీ చేదే. థియనైన్ గోరువెచ్చటి నీళ్ళలో కూడా దిగిపోతుంది. కాటెకిన్లు, కెఫీన్ బాగా దిగాలంటే వేడి కావాలి. అంటే నీళ్ళ వేడి అనేది మన చేతిలో ఉన్న మీట. కింద పెడితే కమ్మదనం, పైకి లేపితే వగరు. ఈ కాటెకిన్‌ని 1929లో గ్రీన్ టీ నుంచి విడదీసింది త్సుజిమురా మిచియో అనే ఆవిడ. జపాన్‌లో వ్యవసాయ శాస్త్రంలో డాక్టరేట్ పొందిన మొదటి మహిళ, 1932లో. మా బీటెక్‌లో ఇలాంటి వాళ్ళ పేర్లు ఒక్కటీ చెప్పలేదు, సరే అది వేరే కథ.

కొలతలు రాసుకోండి. 5 గ్రాముల ఆకు, 200 మిల్లీలీటర్ల నీళ్ళు, 70 డిగ్రీలు, ఒక్క నిమిషం. ఇద్దరికి సరిపోతుంది. థర్మామీటరు లేకపోతే ఇలా చెయ్యండి. నీళ్ళు పూర్తిగా మరగనివ్వండి. పింగాణీ కప్పులోకి పొయ్యండి, దాన్నుంచి ఇంకో కప్పులోకి. ఒక్కో మార్పుకి సుమారు 10 డిగ్రీలు తగ్గుతుంది. మూడు సార్లు మారిస్తే 70 దగ్గరికి వస్తుంది. స్టీలు గ్లాసయితే వేళ్ళు కాలతాయి, జాగ్రత్త.

పోశాను. ఇప్పుడు కదపకూడదు. చెంచాతో తిప్పకూడదు, ఆకు నొక్కకూడదు. మనవాళ్ళకి ఇదే కష్టం, చెయ్యి ఊరుకోదు. నిమిషం అయింది. రెండు కప్పుల్లో ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెం పోసుకుంటూ రావాలి, లేకపోతే మొదటి కప్పు పల్చగా, రెండోది చిక్కగా అవుతుంది. ఆఖరి చుక్క దాకా వంచెయ్యాలి. లోపల నీళ్ళు మిగిలితే ఆకు నానుతూనే ఉంటుంది, రెండో విడత చేదెక్కుతుంది. రెండో విడతకి నీళ్ళు ఇంకాస్త వేడిగా, సమయం మాత్రం పది పదిహేను సెకన్లే. ఆకు అప్పటికే విచ్చుకుని ఉంటుంది కదా. మూడో విడత కూడా వస్తుంది.

రుచి చూద్దాం. వేడి తగ్గింది కాబట్టి ఊదక్కర్లేదు. ముందు వాసన... ఇక్కడ కూర్చుని తాగాలని ఎందుకు అనుకున్నానో ఇప్పుడు చెప్తాను. టోక్యోలో నా పక్క డెస్కులో కూర్చునే పెద్దాయన మొదటిసారి ఇచ్చినప్పుడు, కప్పు ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు అక్కుపల్లి గుర్తొచ్చింది. పొద్దున్నే తెప్పలు ఒడ్డుకి చేరినప్పుడు వచ్చే పచ్చి సముద్రపు వాసన. ఊరి మీద బెంగ అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, అది బెంగ కాదు, రసాయనం. డైమిథైల్ సల్ఫైడ్ అని ఒకటి ఉంది. సముద్రపు వాసనలో అదీ ఒక భాగం. ఆవిరి పట్టిన జపాన్ టీలో, ముఖ్యంగా నీడలో పెంచిన ఆకులో, అదే ఉంటుంది. ఇక్కడ కూర్చుంటే ఏది కప్పులోంచి వస్తోందో, ఏది అలల మీంచి వస్తోందో తెలియట్లేదు. కెమెరాలో ఇది చూపించలేను, సారీ.

ఇప్పుడు నాలుక. మనకి రుచులు ఆరు. అందులో వగరు ఉంది, ఇది మన అదృష్టం. ఇంగ్లీషు వీడియోల్లో ఆ మాట వివరించడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఉద్దానం వాళ్ళకి అసలు చెప్పక్కర్లేదు. పచ్చి జీడిమామిడి పండు కొరికితే గొంతు పట్టేస్తుంది కదా, అదే వగరు. సెంచాలో అది ఉండాలి, కానీ నాలుక అంచుల్లో, ఒక గీతలా. గొంతు పట్టేస్తే నీళ్ళు వేడెక్కువయ్యాయని అర్థం. ఆరులో లేనిది ఇంకోటి ఉంది. ఎండు రొయ్యల పులుసు తిన్నాక నాలుక మీద నిలబడిపోయే కమ్మదనం. 1908లో ఇకెడా కికునయె అనే జపాన్ శాస్త్రవేత్త సముద్రపు నాచు చారులో దాన్ని పట్టుకుని 'ఉమామి' అని పేరు పెట్టాడు. మనకి పేరు లేదు గానీ రుచి చిన్నప్పటి నుంచీ తెలుసు. మంచి సెంచాలో మింగిన తర్వాత వచ్చేది అదే.

ఇంతవరకూ ఆకు సంగతి. ఇప్పుడు నీళ్ళు. కప్పులో ఆకు కంటే నీళ్ళే ఎక్కువ కదా. నేను మూడు రకాలు పట్టుకొచ్చాను. మా ఇంటి పాత బోరు నీళ్ళు, పైపులో వచ్చేవి, ఆర్‌ఓ క్యాన్‌వి. అదే ఆకు, అదే వేడి, అదే నిమిషం. రంగు చూడండి. బోరు నీళ్ళది పసుపు దాటి గోధుమరంగులోకి వెళ్ళింది, పైన పల్చటి తెట్టు. రుచి మొద్దుబారింది, వాసన దాదాపు లేదు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే ఇలాగే అవుతుంది. జపాన్‌లో చాలాచోట్ల నీళ్ళు మెత్తటివి. వాళ్ళ టీ ఆ నీళ్ళకి తగ్గట్టు పుట్టింది. మన దేశపు తాగునీటి ప్రమాణంలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 దాకా పర్లేదంటారు. 600 తాగొచ్చేమో గానీ సెంచా మాత్రం చచ్చిపోతుంది. ఆర్‌ఓలో మరీ ఖనిజాలు లేకపోతే రుచి పల్చబడుతుంది. నాకు ఈ మూడింట్లో నచ్చింది పైపు నీళ్ళది.

ఉద్దానంలో నీళ్ళ గురించి ఇంత తేలిగ్గా, రుచి ఒక్కటే విషయం అన్నట్టు మాట్లాడటం నాకే ఇబ్బందిగా ఉంది. మా వైపు వాళ్ళకి తెలుసు. తెలియని వాళ్ళ కోసం చెప్తాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ మండలాల్లో ఏళ్ళ తరబడి కిడ్నీలు పాడవుతున్నాయి. షుగరు లేదు, బీపీ లేదు, పొలంలో పని చేసుకునే మనిషి, ఒకరోజు రక్తపరీక్షలో బయటపడుతుంది. ఎన్నో బృందాలు వచ్చి నీళ్ళు, మట్టి, రక్తం పట్టుకెళ్ళాయి. అందరూ ఒప్పుకునే ఒక్క కారణం ఇంకా తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్ళు, పలాసలో కిడ్నీ ఆసుపత్రి, ఈ రెండూ 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఇందాక నేను బాగుందన్న పైపు నీళ్ళు అవే. ఇంకో మాట. నా చేతిలో ఉన్న ఈ టీడీఎస్ మీటరు కరిగిన లవణాల మొత్తం మాత్రమే అంచనా కడుతుంది. పురుగుమందు ఉందా, సీసం ఉందా అనేది దీనికి తెలియదు. అంకె తక్కువ వస్తే మంచి నీళ్ళని అనుకోకండి.

ఇప్పుడు ఆ పాత వీడియో.

ఛానెల్ కొత్తలో చేశాను. థంబ్‌నెయిల్ మీద పెద్ద అక్షరాలతో 'కిడ్నీలని కడిగేసే జపాన్ టీ' అని పెట్టాను. లోపల నేను చెప్పింది అంత కాదు, ఎక్కడో చదివిన యాంటీ ఆక్సిడెంట్ల మాటలు నాలుగు. కానీ క్లిక్కులు రావాలి కదా. వచ్చాయి. అప్పటిదాకా నా వీడియోల్లో ఎక్కువమంది చూసింది అదే. ఎవరూ బలవంతం చెయ్యలేదు, ఎవరూ డబ్బులివ్వలేదు. అది పూర్తిగా నా పనే.

మా పెదనాన్న డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి మూడు సార్లు. ఒక సాయంత్రం పెద్దమ్మ ఫోన్ చేసింది. "బావూ, నీ వీడియో సూసినాను. నువ్వు సెప్పినట్టే రోజుకి నాలుగు గ్లాసులు ఇత్తన్నాను మీ పెదనాన్నకి. కాళ్ళు ఉబ్బిపోనాయిరా. ఇంకా ఎక్కువ ఇయ్యాలేటి?" అని అడిగింది.

ఇంకా ఎక్కువ ఇవ్వాలా అని అడుగుతోంది.

డయాలసిస్ మనిషికి నీళ్ళు లెక్క. కిడ్నీ బయటికి పంపదు కాబట్టి, తాగింది ఒంట్లోనే ఉండిపోతుంది, మళ్ళీ మెషీన్ మీదకి వెళ్ళేదాకా. నీళ్ళు, మజ్జిగ, పులుసు, టీ, అన్నీ ఆ లెక్కలోవే. ఆయనకి డాక్టరు పెట్టిన కొలత ఉంది. దాని మీద ఈ నాలుగు గ్లాసులు అదనంగా పడ్డాయి. ఎందుకంటే పెద్దమ్మ దృష్టిలో అది టీ కాదు, మందు. మందుని ఎవరు లెక్కేస్తారు? అదీ సొంత మరిది కొడుకు, ఇంజనీరింగ్ చదివిన వాడు చెప్పిన మందు. తర్వాతి డయాలసిస్‌లో బరువు చూసి అక్కడి సిస్టర్ గట్టిగా మందలించారట. పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. వీడియో ఆ రాత్రే తీసేశాను. చూసిన వాళ్ళు అప్పటికే చూసేశారు. వాళ్ళలో ఉద్దానం వాళ్ళు ఎంతమందో, ఎవరింట్లో ఎన్ని గ్లాసులో నాకు తెలిసే దారి లేదు. అందుకే ఇవాళ ఇక్కడ కూర్చుని చెప్తున్నాను. గ్రీన్ టీ కిడ్నీని కడగదు. పాడైన కిడ్నీని బాగుచెయ్యదు. ఆ వీడియో ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి ఇది కూడా పంపండి.

బరువు తగ్గడానికి అమ్మే గ్రీన్ టీ మాత్రల గురించి కూడా ఒక్క ముక్క. కప్పు టీ వేరు, దాన్ని గాఢపరిచి మాత్ర చెయ్యడం వేరు. రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ అనే కాటెకిన్ మాత్రల రూపంలో తీసుకుంటే లివరు దెబ్బతినే సూచనలు కనబడుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది.

ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ ఫోన్ తర్వాత నాకో ఆలోచన వచ్చింది. గ్యోకురో అని జపాన్‌లో చాలా ఖరీదైన టీ ఉంది. కోతకి ముందు మూడు వారాలు తోటకి నీడ కప్పుతారు. ఎండ తగలక ఆకులో థియనైన్ నిలిచిపోతుంది, కాటెకిన్లు తగ్గుతాయి. 50, 60 డిగ్రీల నీళ్ళలో రెండు నిమిషాలకి పైగా ఉంచి, 20 మిల్లీలీటర్లు మాత్రమే తాగుతారు. మందు కొలిచే మూతంత. నీళ్ళు లెక్కపెట్టుకునే మనిషికి ఇంతకంటే సరిపోయే టీ ఇంకేముంటుంది అనుకున్నాను. ఒక చిన్న ప్యాకెట్ తెప్పించాను కూడా.

ఈసారి ఇచ్చే ముందు చదివాను. జపాన్ ప్రభుత్వం వేసే ఆహార పదార్థాల పట్టికలో కాచిన టీకి కూడా లెక్కలున్నాయి. 100 గ్రాముల గ్యోకురో టీలో పొటాషియం 340 మిల్లీగ్రాములు. సెంచాలో 27. హోజిచాలో 24. నేను మూడుసార్లు చూశాను, టైపింగ్ తప్పేమోనని. తప్పు కాదు. పక్కనే ఎలా కాచారో కూడా ఉంటుంది. గ్యోకురోకి 10 గ్రాముల ఆకు, 60 మిల్లీలీటర్ల నీళ్ళు. సెంచాకి అదే 10 గ్రాములకి 430. అంటే ఆకు సారమంతా ఆ నాలుగు గుక్కల్లోకి దిగుతుంది. కెఫీన్ కూడా అంతే, 160 మిల్లీగ్రాములు. అదే పట్టికలో కాఫీకి 60. డయాలసిస్ మనిషి ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. కొబ్బరితోటల మధ్య పుట్టిన మనిషికి కొబ్బరినీళ్ళు వద్దన్నది కూడా అందుకే. ఆ ప్యాకెట్ నేనే తాగాను. రుచి చెప్పమంటారా? పులుసు లాంటి టీ. చాలా గొప్పగా ఉంది. కాకపోతే ఒక్కణ్ణీ తాగాను.

హోజిచా అన్నాను కదా, అది ఇదిగో, ఈ గోధుమరంగు ఆకు. పచ్చ ఆకుని మళ్ళీ పొడిగా వేయిస్తే హోజిచా. 1920ల్లో క్యోటోలో మొదలైందంటారు. ఇది ఇంట్లో చేసుకోవచ్చు. మాకు అవసరం కూడా పడింది. ఈ సముద్రపు గాలికి సెంచా ప్యాకెట్ విప్పితే రెండు మూడు వారాల్లో మెత్తబడి వాసన పోతుంది. గాలి చొరని డబ్బాలో, వంటింటికి దూరంగా పెట్టాలి. మా ఇంట్లో పక్క అరలో ఎండు నెత్తళ్ళు ఉండేవి, ఇక చెప్పేదేముంది. అలా పాతబడిన ఆకుని పారెయ్యకుండా పెద్దమ్మ మూకుడులో వేసి, సన్నటి సెగ మీద, జీలకర్ర వేయించినట్టు కదుపుతూ వేయించింది. నూనె వద్దు. రంగు మారి వాసన లేవగానే దించెయ్యాలి, క్షణం ఆలస్యమైతే మాడు. దీనికి మాత్రం మరిగే నీళ్ళు పొయ్యొచ్చు. అర నిమిషం చాలు. వగరు చాలా తగ్గిపోతుంది, కాబట్టి గ్రీన్ టీ మొదటిసారి తాగేవాళ్ళు దీంతో మొదలుపెట్టినా బాగుంటుంది.

ఈసారి డాక్టరు గారిని ముందే అడిగాం. ప్యాకెట్ పట్టుకెళ్ళి, ఆ పట్టికలో అంకెలు చూపించి. గ్యోకురో, మచ్చా వద్దన్నారు. హోజిచా పల్చగా, చిన్న కప్పు, అదీ రోజు నీళ్ళ కొలతలోంచి తీసి ఇవ్వండి అన్నారు. ఇది మా పెదనాన్న రిపోర్టులు చూసి చెప్పిన మాట. మీ ఇంట్లో వాళ్ళది మీ డాక్టరు చెప్పాలి. నేను కాదు. మళ్ళీ చెప్తున్నాను, నేను కాదు.

పెదనాన్న దగ్గర లీటరు బాటిల్ ఒకటి ఉంటుంది, దాని మీద మార్కరుతో గీతలు. ఏది తాగినా అంత నీళ్ళు ఆ బాటిల్లోంచి మొక్కకి పోసేస్తారు. మిగిలిందే ఆ రోజుకి. నిన్న సాయంత్రం 50 మిల్లీలీటర్లు కొలిచి మందారం మొదట్లో పోసి, అప్పుడు కప్పు అందుకున్నారు. ముందు తాగలేదు, వాసన చూశారు. పలాసలో జీడిపిక్కలు కాల్చే చోట పని చేసిన మనిషి ఆయన. కాసేపటికి, "ఇదేటిరా, బట్టీ కాడ నిలబడ్డట్టుంది" అన్నారు. తర్వాత గుక్క తాగి నోట్లోనే ఉంచుకున్నారు. నేను ఇన్ని వీడియోల్లో టీ రుచి చూడటం గురించి చెప్పాను గానీ, ఒక్క గుక్కని అంతసేపు నోట్లో పెట్టుకున్న వాళ్ళని చూడలేదు.

ఇంకొంచెం పొయ్యనా అని అడిగితే బాటిల్ వైపు చూశారు. "రేపు పొయ్యి" అన్నారు.

ఆయన ఇప్పుడు ఇంట్లో ఎదురుచూస్తుంటారు, ఐదవుతోంది. నేను బయల్దేరాలి. చల్లటి నీళ్ళలో సెంచా నానబెట్టే పద్ధతి వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను, మన ఎండలకి అదే బాగుంటుంది. ఉంటానండి.